దుమ్ముకు ఒక గడి

సూర్‌ ఊళ్ళో, మూడో అంతస్తులో
ఎండకి ధర కట్టడం నా ఉద్యోగం.

కిటికీ తెర ఎప్పుడూ వేసే ఉంటుంది.
ఏసీ చలికి శాలువా కప్పుకుని
బయట నలభై ఆరు డిగ్రీలని,
యూనిట్‌కి ఇన్ని బైసాలని,
ఇరవై అయిదేళ్ళకి రాస్తాను.
సూర్యుడు అన్నేళ్ళూ వస్తాడా అని
బ్యాంకుకి అనుమానం లేదు.
కొనేవాడు వస్తాడా అనే.

కొనేవాడు ఒక్కడే, సర్కారు.
అమ్మేవాళ్ళం తొమ్మండుగురం.
ఒకే గడప ముందు
సీలు వేసిన కవర్లతో నిలబడ్డాం.

లండన్ నుంచి ఫోనులో ఒక గొంతు
చాలా మర్యాదగా అడుగుతుంది:
పూచీ ఎవరిది?
చట్టం మారితే నష్టం ఎవరి నెత్తిన?
మీ తీగ మా గేటు దాకా రాకపోతే
తయారైన కరెంటు ఎటు పోవాలి?
ప్రశ్నకో పావు శాతం వడ్డీ.
భయానికీ రేటుంటుందని
ఈ ఊళ్ళోనే తెలిసింది నాకు.

పోటీకి ఎదురుగా గ్యాసు.
ఏనాటి రేటుకో
సర్కారే సర్కారుకి ఇచ్చుకునే గ్యాసు.
దాని అసలు ధర నా షీటులో లేదు.
ఎవరి షీటులోనూ లేదు.
"అది ధర కాదు, అలవాటు" అన్నాడు నాసర్ ముఖైనీ,
పదిహేడేళ్ళు శాఖలో పనిచేసినవాడు,
కహ్వా గిన్నె అటూ ఇటూ ఊపుతూ.
వాళ్ళ తాత ఇక్కడే పడవలు కట్టేవాడట.
తెరచాపకి గాలి బిల్లు ఎవరూ పంపలేదట.

గ్యాసు ఓడెక్కితే డాలరు,
ఇంట్లో కాలిస్తే చల్లగాలి.
రెండూ కావాలి వీళ్ళకి.
కుండలో కూడు కుండలోనే ఉండాలి,
బిడ్డలు మాత్రం బొద్దుగా ఎదగాలి.
వచ్చీరాని అరబ్బీలో ఆ సామెత చెప్పాను.
నవ్వి రాసుకున్నాడు నాసర్.
మర్నాడు కమిటీలో చదివాడట,
ఎవరూ నవ్వలేదట.

గురువారం నమూనా ప్లాంటుకి వెళ్ళాను.
రాతినేల, రెండు మేకలు, నాలుగు వరసల పలకలు.
కడిగేది లింబాద్రి, ఆర్మూరు దిక్కు మనిషి.
నా ఫోను మాటల్లో తెలుగు వినబడి
గొట్టం కింద పెట్టాడు.
"మేడం, మీ లెక్కల దుమ్ముకు ఎంత పెట్టిన్రు?"
మూడు శాతం అన్నాను.
ఏమీ అనలేదు.
చూపుడువేలితో పలక మీద ఒక గీత గీసి
వేలెత్తి చూపించాడు.
"నిన్న పొద్దుగాల కడిగిన పలకనే ఇది."

నీళ్ళెన్ని పడతాయి?
"పలకకు లీటరున్నర. దుమారం లేస్తే రెండు."
ఆ నీళ్ళు సముద్రానివి.
వాటిలోంచి ఉప్పు విడదీసేది కరెంటు,
ఆ కరెంటు పుట్టేది గ్యాసులోంచి.
సూర్యుడి మొహం కడగాలన్నా
గ్యాసునే చెంబెడు అడగాలి.
నివేదికలో ఈ మాట
ఏ పేరా కింద పెట్టాలో తోచలేదు.

రాత్రి వచ్చి దుమ్ము గడిలో
మూడు చెరిపి ఏడు కొట్టాను.
షీటంతా ఒక్కసారి వణికింది,
అడుగు వరసలో రేటు లేచి కూర్చుంది.
రెండు బైసాలు.
ఇక మేం గెలవం.
జియాద్, మా మేనేజరు, బేరూతువాడు,
నా కుర్చీ వెనక నిలబడి
"అందరూ మూడే పెడతారు, నువ్వు అయిదు పెట్టు" అన్నాడు.
వాదించలేదు.
ఆరు పెట్టాను.

కవరు సీలు వేసిన సాయంత్రమే
సర్క్యులర్ వచ్చింది:
అనివార్య కారణాల వల్ల గడువు పొడిగింపు.
ఇది మూడోసారి.
తెర కొంచెం తొలగించాను.
కల్హాత్ వైపు మంట వెలుగుతోంది,
రేవులో ఓడ లోతుగా కూర్చుని ఉంది.

కవరు నా సొరుగులోనే ఉంది.
ప్రతి గురువారం లింబాద్రి
ఒక ఫోటో పంపుతాడు. వేలు.
కింద ఏమీ రాయడు.
ఎవరూ తెరవని చివరి నిలువు వరసలో
తారీఖు వేసి ఎక్కిస్తున్నాను.
పదకొండు వేళ్ళయ్యాయి.